ఏ లెన్సు కొనమంటారు, మావయ్యా?

నా గది నుంచి
మార్చి 5

మావయ్యా,

మీ చెవులు ఎలా ఉన్నాయి? ఫోన్ చేస్తే నేనొకటి చెప్పడం, మీరొకటి వినడం, మధ్యలో అత్తయ్య అందుకుని ఇద్దర్నీ తిట్టడం. అందుకే ఉత్తరం. మీరూ ఉత్తరమే రాయండి.

ఒక సలహా కావాలి. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో చేరిన రోజున మీరిచ్చిన చిన్న కెమెరాకి ఇప్పటిదాకా ఆ ఒక్క యాభై లెన్సే వాడుతున్నాను. మనిషి ముఖం తియ్యాలంటే దానికి తిరుగులేదు. గదిలో నలుగురు కూర్చుంటే మాత్రం ఇద్దరే పడతారు, మిగతా ఇద్దరి కోసం నేను గోడలోకి దూరాలి. ఈమధ్య కొంచెం తీరిక దొరికింది. రోజూ ఏదో ఒకటి తియ్యాలనుంది. మా వీధి, మేడమీద బట్టలు ఆరేసే తాళ్ళు, కిటికీలోంచి కనిపించే బస్సు డిపో, ఇలాంటివే. అన్నిటికీ పనికొచ్చే జూమ్ లెన్సు ఒకటి చెప్పండి. ఒక్కటే. ఒకసారి తగిలిస్తే మళ్ళీ ఊడదీసే పని ఉండకూడదు. తేలిగ్గా ఉండాలి.

"రెండు తీసుకో, మార్చుకుంటూ వాడు" అంటారని తెలుసు. వద్దు. లెన్సు మార్చడానికి బద్ధకం. అంతే అనుకోండి.

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ పిచ్చుక


స్టూడియో వెనక గది
మార్చి 12

పిచ్చుకా,

బద్ధకమా? ఎవరికి? ఎనిమిదేళ్ళప్పుడు నా లెన్సులన్నీ ఊడదీసి, మంచం మీద వరసగా పేర్చి, "కళ్ళు కడుగుతున్నా మావయ్యా" అన్నదానివి నువ్వు. మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో మొదటిసారి నేను నవ్వింది ఆ రోజే, ఏడ్చింది కూడా ఆ రోజే. వాటిలో రెండు మళ్ళీ పనిచెయ్యలేదు.

సరే, అడిగావు కాబట్టి విను. నేను కూడా ముసలితనంలో నీ దారికే వచ్చాను. సంచీ నిండా లెన్సులు మోసే ఓపిక లేక, ఫిబ్రవరి 9న 24-105 ఒకటి కొన్నాను. ఇరవైనాలుగు దగ్గర గది మొత్తం పడుతుంది, నూటయిదు దగ్గర ఆ గదిలో మూలన కూర్చున్నవాడి చొక్కా గుండీ పడుతుంది. వెలుతురు తక్కువుంటే కొంచెం గింజుకుంటుంది కానీ, చెయ్యి వణికినా అది సర్దుకుంటుంది. నా వయసు వాడికి అది చాలు. నీ కెమెరా లోపల బొమ్మ పడే పలక చిన్నది కాబట్టి నీకు 16-70 అని దొరుకుతుంది. అంకెలు వేరు, చూపు అదే. కొనేముందు కొట్లో తగిలించి చూడు. ఎడమ అరచెయ్యి లెన్సు కింద పళ్ళెంలా పెట్టి, బొటనవేలూ చూపుడువేలుతో రింగు తిప్పు. బిగుతుగా ఉంటే వద్దను.

కొన్న మూడో రోజే దాంతో మీ ఫ్యాక్టరీలోనే పని తగిలింది, కేటలాగు ఫోటోలు. పాత మేనేజరైతే నిన్ను పిలిపించేవాడు. ఈ కొత్తాయనకి నువ్వు నా మేనకోడలివని తెలీదు, నేనూ చెప్పలేదు. గేటు దగ్గర అడిగితే సెలవులో ఉందన్నారు. నీ గదికొస్తే తాళం. పక్కింటావిడ ఊరెళ్ళిందంది. మాకు తెలియని ఏ ఊరే నీకు?

ఇంకోటి. నీ రాత చూసి అత్తయ్య బెంగ పెట్టుకుంది. ప్రతి వరసా చివరికొచ్చేసరికి కిందికి జారిపోతోంది. కాగితం పట్టుకుని రాయడానికి కూడా బద్ధకమేనా?

మావయ్య


నా గది నుంచి
మార్చి 19

మావయ్యా,

కొట్టుకి వెళ్ళాను. 16-70 చూశాను. బాగానే ఉంది. అబ్బాయి చాలా ఓపిగ్గా చూపించాడు. కానీ నాకు కుదరదు. బరువు ముందుకి లాగేస్తోంది.

రింగు తిప్పకుండా జూమ్ అయ్యేవి ఉంటాయా? కుడి చెయ్యి ఎలాగూ కెమెరాని పట్టుకునే ఉంటుంది కదా, ఆ చేతి వేళ్ళతోనే మొత్తం అయిపోవాలి. లేకపోతే లెన్సుని గుండెకో గోడకో ఆనించి తిప్పే ఉపాయం ఏదైనా ఉందా? రింగుకి రబ్బరు పట్టీ చుడితే? మీ దగ్గర ఇలాంటివి చాలా ఉంటాయి.

ఊరు సంగతి తర్వాత రాస్తాను. నా రాత చిన్నప్పట్నించీ అంతే, అత్తయ్య మర్చిపోయింది.

మీ పిచ్చుక


స్టూడియో వెనక గది
మార్చి 26

అమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముందు నువ్వడిగింది చెప్తాను.

ఉన్నాయి. కొన్ని చిన్న జూమ్‌లకి లోపల మోటారు ఉంటుంది. నీ కెమెరాలో ఫోటో తీసే బటన్ చుట్టూ చిన్న మీట ఉంది చూడు, ఇన్నాళ్ళూ దానితో నీకు పని పడలేదు. 16-50 మోటారు జూమ్ తగిలిస్తే ఆ మీటతోనే దగ్గరికీ దూరానికీ వెళ్తుంది. కుడి చూపుడువేలు చాలు. గుప్పెట్లో పట్టేంత ఉంటుంది, బరువే ఉండదు. అంచుల్లో బొమ్మ కాస్త మెత్తబడుతుంది, దూరంలో ఉన్నవి అంత దగ్గరికి రావు. అయినా నీకు అదే తీసుకోమంటాను.

నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఎవరు ఏ లెన్సు అడిగినా ఎందుకు అడుగుతున్నారో తెలిసిపోతుంది. తేలిగ్గా ఉండాలన్నావు, మార్చే పని ఉండకూడదన్నావు, రింగు ఉండకూడదన్నావు. కాగితం కదలకుండా పట్టుకోలేకపోతున్నావు.

నీ ఎడమ చేతికి ఏమైంది?

ఎప్పుడైంది? ఫ్యాక్టరీలోనేనా? ఏ తారీఖున? ఏ ప్రెస్ దగ్గర?

వెంటనే రాయి.

మావయ్య


నా గది నుంచి
ఏప్రిల్ 2

మావయ్యా,

ఫిబ్రవరి 6, పొద్దున పదిన్నరకి. నాలుగో ప్రెస్.

మా ప్రెస్‌లు మీకు తెలుసు కదా. అట్ట లోపల పెట్టి చెయ్యి తీస్తే పైనుంచి పలక దిగి, పెట్టె ఆకారానికి కోస్తుంది. ముందు ఇనప జాలీ గార్డు ఉంటుంది, అది మూసుకుంటే తప్ప పలక కదలకూడదు. గార్డు తెరిచి మూసే టైములో గంటకి ఎన్నో పెట్టెలు తగ్గిపోతున్నాయని డిసెంబరులో నాలుగో దానికీ అయిదో దానికీ ఊడదీసి స్టోరులో పడేశారు. మేం అడిగాం. "చేతులు మీవి కావా, మీరు చూసుకోరా" అన్నాడు కొత్త మేనేజరు. అందరం నవ్వాం కూడా.

ఆ రోజు అట్ట కొంచెం వంకర పడింది. సర్దబోయాను. చప్పుడు వినపడింది, రోజూ వినే అట్ట కోసిన చప్పుడే, తేడా ఏమీ లేదు. ఆ తర్వాత చూసుకున్నాను. మణికట్టు దాకా లేదు.

అయిదో ప్రెస్ మీద ఒక పిల్ల ఉంటుంది, అందరూ పొట్టి అంటారు. ఇరవై రెండేళ్ళు. తన తలగుడ్డ విప్పి బిగించి కట్టింది అదే. నన్ను ఆసుపత్రిలో దింపి మళ్ళీ షిఫ్టుకి వెళ్ళింది. వెళ్ళకపోతే ఊరుకోరు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను. ఎవరొచ్చినా ఊరెళ్ళిందని చెప్పమని పక్కింటావిడకి నేనే చెప్పాను.

మీకు ఎందుకు చెప్పలేదంటే, ఆ ఉద్యోగం ఇప్పించింది మీరు. పాత మేనేజరుని బతిమాలి చేర్పించారు. మీరు అన్నం మానేస్తారని తెలుసు. కొంచెం అలవాటయ్యాక, నవ్వుతూ చెప్పగలిగినప్పుడు చెబుదామనుకున్నాను. కెమెరా అందుకే. ఒంటి చేత్తో చక్కగా చెయ్యగలిగేది ఒక్కటైనా ఉందని ముందు నాకు తెలియాలి.

గార్డు ఉందనీ, నేనే దాన్ని తప్పించి చెయ్యి పెట్టాననీ కంపెనీ రాసిచ్చింది. ఏప్రిల్ 16న విచారణ.

ఒకటి అడుగుతాను. నేను ఏ ఉత్తరంలోనూ ప్రెస్ అనే మాట రాయలేదు. మీరు "ఏ ప్రెస్" అనీ, "ఏ తారీఖున" అనీ ఎందుకు అడిగారు?

మీ పిచ్చుక


స్టూడియో
ఏప్రిల్ 8

అమ్మా,

అత్తయ్య నిన్నట్నించీ లేవలేదు. నీ దగ్గరికి వచ్చేస్తానంటోంది. నేనే ఆపాను, విచారణ అయ్యాక వెళ్దామన్నాను.

16-50 కొని పార్సిల్లో పంపుతున్నాను. మెడ పట్టీ వద్దు, మణికట్టు పట్టీ పెట్టాను, కుడి చేతికి బిగించుకో. జారినా కింద పడదు. మీట మెల్లగా నొక్కితే మెల్లగా వెళ్తుంది, గట్టిగా నొక్కితే పరిగెత్తుతుంది. ముందు కిటికీ దగ్గర కూర్చుని, మోచెయ్యి బల్లకి ఆనించి తియ్యి. ఎండ నెత్తిమీదున్నప్పుడు తియ్యకు. మేఘం పట్టినప్పుడు తీస్తే మనుషుల ముఖాలు బాగా వస్తాయి. లెన్సు మూత దానంతటదే తెరుచుకునే రకం పంపాను, దాన్ని ఊడదీసే పని లేదు. తుడిచే గుడ్డ కూడా పెట్టాను. కెమెరాని ఒళ్ళో పెట్టుకుని తుడుచుకో.

విచారణలో నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. దేవుడున్నాడు.

మావయ్య


నా గది నుంచి
ఏప్రిల్ 18

మావయ్యా,

లెన్సు అందింది. నేనడిగినదానికి మాత్రం జవాబు మీ ఉత్తరంలో లేదు. మొన్న విచారణలో దొరికింది.

ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు, నేను చెప్పాను. ఇద్దరు ముగ్గురు వర్కర్లు నేల చూపులు చూస్తూ "గుర్తు లేదండీ" అన్నారు. పొట్టి ఒక్కతే గార్డు లేదని చెప్పింది. అప్పుడు కంపెనీ లాయరు ఒక పెద్ద ఫోటో తీసి బల్లమీద పెట్టాడు. నాలుగో ప్రెస్, దాని పక్కన అయిదోది, రెండింటికీ గార్డులు, అన్నీ తళతళలాడుతున్నాయి. "ప్రమాదానికి మూడు వారాల ముందు, జనవరి 14న తీసింది. అనుమానముంటే చూసుకోండి" అంటూ ఫోటో కింద కెమెరా రాసుకున్న వివరాలన్నీ అచ్చు వేసి ఇచ్చాడు. తారీఖు, టైము, కెమెరా పేరు. లెన్సు పేరు కూడా. 24-105.

ఫోటో తీసినవాళ్ళ పేరు లేదు. నాకు అవసరం పడలేదు.

ఇన్‌స్పెక్టరు ఫోటో చూసి, ప్రెస్‌లు ఆపక్కర్లేదని రాసుకుని, విచారణ మే 9కి వాయిదా వేశాడు. వచ్చేటప్పుడు పొట్టి నా కోసం ఆగకుండా ముందే బస్సెక్కి వెళ్ళిపోయింది. తను అబద్ధం చెప్పినట్టయింది కదా.

మీ మొదటి ఉత్తరం అప్పుడు నా సంచీలోనే ఉంది. ఆ లెన్సు ఫిబ్రవరి 9న కొన్నానని మీ చేత్తో మీరు రాశారు. అది తీసి బల్లమీద పెడితే సరిపోయేది. చెయ్యి సంచీలోకి వెళ్ళింది కూడా. తియ్యలేకపోయాను.

మీరే చెప్తారని చూస్తున్నాను.

మీ మేనకోడలు


స్టూడియో వెనక గది
ఏప్రిల్ 26

పిచ్చుకా,

ఫిబ్రవరి 11 పొద్దున వెళ్ళాను. కేటలాగు జనవరిలోనే అచ్చుకి వెళ్ళాల్సిందనీ, ఆలస్యమైందని హెడ్డాఫీసుకి తెలిస్తే తన ఉద్యోగానికే ముప్పనీ అన్నాడు మేనేజరు. కెమెరాలో తారీఖు జనవరి 14కి పెట్టి తియ్యమన్నాడు. అదేమంత పని? మూడు బటన్లు నొక్కితే అయిపోయింది. పెళ్ళి ఫోటోలకి కూడా ఎంతమంది ఇలాంటివి అడగరు అనుకున్నాను.

నేల తడిగా ఉంది. ఫినాయిలు వాసన. ఫ్రేములో అడ్డంగా ఉందని గార్డు కొంచెం జరపబోతే పచ్చ రంగు వేలికి అంటింది. అంత కొత్త రంగు. అక్కడున్న మెకానిక్కుని "ఏమైందోయ్ ఇక్కడ" అని అడిగాను. తల దించుకుని "ఎవరికో చెయ్యి తగిలింది సార్" అన్నాడు. ఎవరికి అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే అతను నీ పేరు చెప్పేవాడు. కిటికీలోంచి పడే వెలుతురు జరిగిపోతోంది, ఇంకా ఆరు మిషన్లు తియ్యాలి. అడగలేదు.

నువ్వు మోటారు జూమ్ అడిగిన రోజునే నాకు అర్థమైంది. తారీఖు అడిగింది అందుకే. ఫిబ్రవరి 11 తర్వాత అయ్యుండాలని మొక్కుకున్నాను. నీ చెయ్యి పోయిందని తెలిసీ, ఏ తారీఖున పోవాలో కోరుకున్నాను. అలాంటివాడిని.

నాకు భయంగా ఉంది. తప్పుడు తారీఖు వేసినవాడంటే ఈ ఊళ్ళో ఎవరూ పెళ్ళికి కూడా పిలవరు. కేసు పెడతారేమో. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. వాయిదా మే 9 దాకా ఉంది కదా. నన్ను కాస్త ఆలోచించుకోనీ. అంతవరకూ ఆ ఉత్తరం నీ దగ్గరే ఉంచు.

మావయ్య


ఆసుపత్రి వరండా
మే 2

మావయ్యా,

నిన్న మధ్యాహ్నం అయిదో ప్రెస్ మీద పొట్టికి మూడు వేళ్ళు పోయాయి. కుడి చెయ్యి.

ఫోటో కోసం బిగించిన గార్డులు విచారణ వాయిదా పడిన మర్నాడే మళ్ళీ ఊడదీశారు. ఫోటో చూశాక ఇంక ఎవరూ వచ్చి చూడరని వాళ్ళకి తెలుసు. ఎవరూ రాలేదు.

దాని పక్కనే కూర్చుని రాస్తున్నాను. నిద్రపోతోంది. లేచినప్పుడల్లా "అక్కా, నీకూ ఇలాగే దురద పెట్టేదా, లేని వేళ్ళు?" అని అడుగుతోంది. పెట్టేది, తగ్గుతుంది అని చెప్తున్నాను. నాకింకా తగ్గలేదు.

మీరు టైము అడిగారు. మీరు అడక్కముందే నేను ఇచ్చేశాను. పదహారో తారీఖున ఆ ఉత్తరం తీసి బల్లమీద పెట్టి ఉంటే ఆ రోజే ప్రెస్‌లు ఆపేవాళ్ళు. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టలేక ఊరుకున్నాను. ఆ పదిహేను రోజులు మీవొక్కరివే అని రాద్దామని మొదలుపెట్టాను, రాయలేకపోతున్నాను. సగం నావి.

తొమ్మిదిన నేను ఉత్తరం ఇచ్చేస్తాను. మీరొచ్చినా రాకపోయినా ఇస్తాను. ఇది మిమ్మల్ని బెదిరించడానికి కాదు. మీకు ముందు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

మీ మేనకోడలు


స్టూడియో
మే 5

అమ్మా,

అత్తయ్యకి చెప్పాను. సాయంత్రం లెన్సు కొన్న రసీదు తనే బీరువాలోంచి వెతికి తీసి నా చేతిలో పెట్టింది.

ఎనిమిదిన బయలుదేరి వస్తున్నాం. నువ్వు ఆ ఉత్తరం ఇవ్వకు. నేనే చెప్పాలి.

మావయ్య


నా గది నుంచి
జూన్ 21

మావయ్యా,

మే తొమ్మిదిన విచారణలో మీరు చెప్పడం అయిపోగానే నేను వెనక తలుపులోంచి వెళ్ళిపోయాను. అత్తయ్య వెనకే వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది, మీకు చెప్పే ఉంటుంది. మీరు మెట్ల మీద గంటసేపు కూర్చున్నారు. చూశాను. రాలేకపోయాను.

ఇన్‌స్పెక్టరు అడిగింది మీకు వినపడలేదు. రెండోసారీ వినపడలేదు. మూడోసారి ఆయన లేచి నిలబడి, "తారీఖు మార్చింది మీరేనా?" అని గట్టిగా అరిచాడు. మీరు అంతకంటే గట్టిగా "నేనే!" అని అరిచారు. హాలంతా ప్రతిధ్వనించింది. పొట్టి వాళ్ళమ్మ నా పక్కనే ఉంది. "ఎవరమ్మా ఆయన?" అని అడిగింది. మా మావయ్య అని చెప్పాను. ఆవిడ లేచి వేరే బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంది.

పోయిన వారం తీర్పు చదివారు. గార్డులు లేవు, ఫోటో చెల్లదు, తప్పు వర్కర్లది కాదు. మేనేజరు మీద కేసు. మీరు మీ అంతట మీరే వచ్చి చెప్పారు కాబట్టి మీ మీద పెట్టాలా వద్దా అన్నది విడిగా తేలుస్తారట. ఆ సంగతి ముందు మీకు తెలియాలని ఈ ఉత్తరం. ధైర్యంగా ఉండండి.

మీ ఊళ్ళో పెళ్ళి పనులన్నీ రద్దయ్యాయని అత్తయ్య రాసింది. బాధగానే ఉంది. మిమ్మల్ని క్షమించానో లేదో నాకు తెలీదు. కొన్ని రోజులు లేవగానే క్షమించినట్టే ఉంటుంది, జాకెట్టు హుక్కులు పెట్టుకునే వేళకి పోతుంది. పొట్టి తరఫున మాత్రం నేను ఏమీ చెప్పలేను. దాని దగ్గరికి మీరు వెళ్ళాల్సిందే. ఇప్పుడే కాదు. నేను చెప్తాను ఎప్పుడో.

నాకు ఫ్యాక్టరీ స్టోరులో పని ఇచ్చారు. తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నావని అందరూ తిడుతున్నారు. రోజూ ఆ హాల్లోంచి నడిచి వెళ్ళాలి, ప్రెస్‌లని నా కళ్ళతో చూడాలి, అందుకు. తీర్పులో గార్డులు పెట్టమని ఉంది కానీ రేపు మళ్ళీ ఊడదీస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకని వర్కర్లం కూర్చుని ఒకటి అనుకున్నాం. ప్రతి సోమవారం పొద్దున పని మొదలుపెట్టే ముందు అన్ని ప్రెస్‌లకీ ఫోటో తీసి గేటు దగ్గర బోర్డుకి పెట్టాలి. ఒక కాపీ ఇన్‌స్పెక్టరుకి పంపాలి. తీసే పని నాకిచ్చారు. 16-50 సరిపోతోంది. పదహారు దగ్గర పెడితే ప్రెస్ మొత్తం పడుతోంది, యాభైకి తెస్తే గార్డు బోల్టులు లెక్కపెట్టొచ్చు. అంచులు మీరన్నట్టు మెత్తగానే ఉన్నాయి, ఫరవాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫోటో తీశాక దాని తారీఖు ఎవరూ మార్చడానికి వీల్లేకుండా ఏం చెయ్యాలి? మేనేజరు ఒక్కడే కాదు, నేను కూడా మార్చలేకుండా. ఈ విషయం మీకు తెలిసినంత బాగా తెలిసినవాళ్ళు నాకింకెవరూ లేరు. ఏ బటన్ నొక్కాలో, ఏది నొక్కకూడదో, పక్కన ఏం పెట్టి తియ్యాలో, మీరు ఆ రోజు ఎలా చేశారో, అలా ఇంకెవరూ చెయ్యకుండా ఎలా ఆపాలో, అన్నీ వివరంగా రాయండి. దాచకండి.

సోమవారం లోపల నాకు అందాలి.

మీ మేనకోడలు